అరవై నాలుగు గళ్లు చాలనప్పుడు
ఆటబల్లల చరిత్ర – 6వ భాగం

పాత చదరంగంలో నాలుగు ఏనుగులు ఉండేవి. ఆ నాలుగూ ఎంతసేపు ఆడినా ఒకదాన్నొకటి చంపుకోలేవు.

గత భాగంలో చతురంగం ఉత్తర భారతం నుంచి పర్షియాకు, అక్కడి నుంచి బాగ్దాద్ ఖలీఫాల కొలువుకు చేరి ‘షత్రంజ్’ అయిన కథ చెప్పుకున్నాం. ఆ ఆటలో ఏనుగును ఇవాళ మనం శకటును పెట్టే చోట పెట్టేవారు. అది మూలవాటుగా సరిగ్గా రెండు గళ్లు దూకుతుంది. మధ్యలో ఎవరున్నా దానికి అడ్డు కాదు. ఒక్క గడీ జరగలేదు, మూడు గళ్లూ పోలేదు. ఇంట్లో చదరంగం బల్ల ఉంటే దాని దారిని వేలితో గీసి చూడండి. తెల్లవారి ఎడమ ఏనుగు మొదటి అడ్డవరుసలో మూడో గడి నుంచి బయలుదేరుతుంది. మూడో అడ్డవరుసకు వెళితే మొదటి గడి గానీ అయిదో గడి గానీ దొరుకుతుంది. అలా ఎంత తిరిగినా అది తొక్కగలిగేవి మొత్తం 8 గళ్లే. రెండో ఏనుగుకు వేరే 8. అవతలివారి ఏనుగులకు ఇంకో 8, ఇంకో 8. ఒకరి గళ్లలో మరొకరిది ఒక్కటీ కలవదు. నాలుగు ఏనుగులూ కలిసి తిరిగేది 32 గళ్లు. మిగిలిన సగం బల్ల మీద ఏ ఏనుగూ ఎన్నడూ కాలు పెట్టదు.

మంత్రి పరిస్థితీ అంతంతమాత్రమే. మూలవాటుగా ఒక్క గడి, అంతే. బంటు ఒక్కో గడి చొప్పునే నడవాలి. చివరి వరుసకు చేరినా ఆ బలహీనమైన మంత్రిగానే మారాలి. బల్లకు ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్క ఎత్తులో పోగలిగేది మూలల్లో ఉండే రుఖ్ ఒక్కటే. మనం ఇప్పుడు ఏనుగు అని పిలిచే పావు అదే. అందుకే రెండు సేనలూ ఒకదానికొకటి తగలడానికే చాలా ఎత్తులు పట్టేది. ఆ నిదానం భరించలేక అరబ్బు ఆటగాళ్లు ‘తబియా’ పద్ధతి పెట్టుకున్నారు. మొదటి ఎత్తులన్నీ ఆడేసినట్టే అనుకుని, ఇద్దరూ ఒప్పుకున్న ఒక అమరిక నుంచి ఆట మొదలుపెట్టేవారు.

ఇష్టమైన ఆటే. కానీ అందులో ఇంకా ఏదో కావాలి. ఈ కోరిక వెయ్యేళ్లుగా చదరంగాన్ని వెంటాడుతూనే ఉంది. దాన్ని తీర్చుకోవడానికి జనం రెండు దారులు పట్టారు. కొందరు బల్లను పెద్దది చేసి కొత్త పావులు చేర్చారు. కొందరు బల్ల జోలికి పోకుండా ఉన్న పావుల నడక మార్చారు. ఏ దారి ఎంతదూరం తీసుకెళ్లిందో ఈ భాగంలో చూద్దాం.

మసూదీ లెక్కపెట్టిన బల్లలు

పదో శతాబ్దపు చరిత్రకారుడు అల్ మసూదీ తన కాలంలో ఆడుతున్న చదరంగాలను వరుసగా రాసిపెట్టాడు. మామూలు ఎనిమిది వరుసల బల్లతోపాటు నాలుగు గళ్ల వెడల్పు, పదహారు గళ్ల పొడవు ఉన్న సన్నటి బల్ల ఉండేదట. పదికి పది గళ్ల బల్ల ఒకటి. దాన్ని ‘సంపూర్ణ చదరంగం’ అనేవారు. అందులో దబ్బాబా అనే యుద్ధయంత్రాన్ని చేర్చారు. కోటగోడలు పగలగొట్టడానికి సైనికులు లోపల దాక్కుని తోసుకెళ్లే యంత్రం అది. ఆట బల్ల మీద రాజులాగే ఏ దిక్కుకైనా ఒక్క గడి కదిలేది. బైజాంటియం వారిదిగా చెప్పే గుండ్రటి బల్ల ఇంకొకటి. గ్రహాలను, రాశులను పెట్టుకుని ఆడే ఖగోళ చదరంగం మరొకటి. అంటే వెయ్యేళ్ల కిందటే ఒక ఆటకు ఇన్ని చేర్పులు పక్కపక్కన నడుస్తున్నాయి.

మన దేశంలోనూ ఇదే సందడి. 1030 ప్రాంతంలో భారతదేశం గురించి పుస్తకం రాసిన అల్ బిరూనీ ఇక్కడ నలుగురు కూర్చుని పాచికలతో చదరంగం ఆడటం గురించి వివరించాడు. మొత్తం పావులు 32 మాత్రమే. వాటినే నాలుగు సేనలుగా పంచి ఒక్కొక్కరికి ఒక రాజు, ఒక ఏనుగు, ఒక గుర్రం, ఒక రుఖ్, నాలుగు బంట్లు ఇచ్చారు. పాచిక పడినదాన్ని బట్టి ఏ పావును కదపాలో తేలేది. అదే పుస్తకంలో భారతీయుల ఏనుగు నడక తమ ఏనుగు నడకలాంటిది కాదని బిరూనీ గమనించాడు. అది మూలవాటుగా నాలుగు వైపులకూ ఒక్కో గడి, ఎదురుగా ఒక గడి కదులుతుంది. నాలుగు కాళ్లు, ఒక తొండం అని దానికి అర్థం చెప్పుకునేవారట. బాగ్దాద్ ఏనుగు కట్టేసిన ఏనుగైతే ఈ ఏనుగు స్వేచ్ఛగా తిరిగింది. నెమ్మదిగానైనా బల్లంతా చుట్టగలదు. ఇదే నడక ఇప్పటికీ బర్మా, థాయిలాండ్ చదరంగాల్లోనూ, జపాన్ ఆటలో వెండి సేనాని నడకలోనూ బతికి ఉంది.

సెవిల్‌లో ఒక రాజుగారి పుస్తకం

1283లో స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో కాస్తీల్ రాజు పదో అల్ఫోన్సో కొలువులో ‘ఆటల పుస్తకం’ పూర్తయింది. 98 తోలు పత్రాలు, వాటిమీద 150 రంగుల బొమ్మలు. ముస్లింలు, క్రైస్తవులు, యూదులు, ఆడవాళ్లు, పిల్లలు బల్లల ముందు కూర్చుని ఆడుతున్న దృశ్యాలు ఆ బొమ్మల్లో కనిపిస్తాయి. గుర్రం ఎక్కలేని ముసలివారికి, బలహీనులకు, చెరలో ఉన్నవారికి, సముద్రం మీద ప్రయాణించేవారికి కూర్చుని ఆడే ఆటలు ఊరట అని రాజు ముందుమాటలో చెప్పించాడు. ఆటను ఇంత ఆదరంగా చూసిన పాలకులు చరిత్రలో అరుదు.

ఆ పుస్తకంలో ‘గ్రాండే అసెడ్రెక్స్’ అనే పెద్ద చదరంగం ఉంది. పన్నెండుకు పన్నెండు, అంటే 144 గళ్లు. ఒక్కొక్కరికి 24 పావులు. రాజు పక్కన మంత్రికి బదులు ఏనుగును ఎత్తుకుపోగల మహాపక్షి ఉంటుంది. అది మూలవాటుగా ఒక గడి జరిగి, అక్కడి నుంచి తిన్నగా ఎంతదూరమైనా పోతుంది. ఇంకా మొసలి, జిరాఫీ, ఒంటికొమ్ము మృగం, సింహం ఉన్నాయి. మొసలి నడక ఇవాళ్టి శకటు నడకే. మూలవాటుగా ఎంతదూరమైనా వెళ్తుంది. ఈ ఆట భారతదేశపు రాజుల కాలం నుంచి వచ్చిందని పుస్తకం చెబుతుంది. ఆ మాటకు వేరే ఆధారం లేకపోయినా ఒక నియమం మాత్రం మనల్ని ఆపుతుంది. ఇందులో చివరి వరుసకు చేరిన బంటు ఆ నిలువు వరుసలో మొదట నిలబడిన పావుగా మారుతుంది. మన దేశీ చదరంగంలోనూ తరతరాలుగా ఆడిన నియమం ఇదే.

ఇన్ని జంతువులు చేరేసరికి ఆట మరీ సాగిపోయింది. ఎత్తులు త్వరగా పడటానికి ఎనిమిది ముఖాల పాచిక వాడవచ్చని పుస్తకమే సలహా ఇచ్చింది. ఆలోచనతో ఆడే ఆటను పెద్దది చేసి, దాన్ని ముగించడానికి అదృష్టం సాయం అడగాల్సి వచ్చింది. పెద్ద బల్లల కష్టమంతా ఈ ఒక్క సలహాలో తెలిసిపోతుంది.

తైమూరు బల్ల

ఆ తర్వాతి శతాబ్దంలో మధ్య ఆసియాను గడగడలాడించిన తైమూరుకు మామూలు చదరంగం చిన్నదనిపించింది. అతని జీవితం రాసిన ఇబ్న్ అరబ్‌షా అతను పెద్ద చదరంగం ఆడేవాడని నమోదు చేశాడు. ఒకసారి ఆటలో రుఖ్‌తో అవతలి రాజుకు షా చెప్పే క్షణంలో కొడుకు పుట్టిన వార్త అందిందనీ, అందుకే ఆ బిడ్డకు షారుఖ్ అని పేరు పెట్టాడనీ రాసిందీ ఆయనే.

ఆ బల్ల పదకొండు నిలువు వరుసలు, పది అడ్డవరుసలది. పైగా రెండు పక్కలా బయటికి పొడుచుకొచ్చిన ఒక్కో గడి. మొత్తం 112. ఆ అదనపు గళ్లు కోటలు. ఓడిపోతున్న రాజు పరుగెత్తి ఎదుటివాడి కోటలో దూరగలిగితే ఆట డ్రా. ఒక్కొక్కరికి 28 పావులు: మంత్రితో పాటు వజీరు, జిరాఫీ, ఒంటె, యుద్ధయంత్రం, కావలివాడు వగైరా. బంట్ల సంగతి ఇంకా విశేషం. పదకొండు బంట్లలో ఏ రెండూ ఒకటి కావు. గుర్రపు బంటు చివరికి చేరితే గుర్రం, ఒంటె బంటు చేరితే ఒంటె, రాజు బంటు చేరితే రాజకుమారుడు. ఇవి కాక ‘బంట్ల బంటు’ ఒకటి. అది చివరి వరుసకు ఒకసారి చేరితే చాలదు, మూడుసార్లు చేరాలి. అప్పుడు ఇంకో రాజు పుడతాడు. అవతలివాడు ఆ రాజులందర్నీ ఒక్కొక్కరిగా పట్టుకోవాలి.

ఊహగా చూస్తే దీనికి సాటి లేదు. ఒక సామ్రాజ్యం వారసత్వపు చిక్కులన్నీ బల్ల మీదకి వచ్చాయి. కానీ నేర్పడానికే ఎంతో సమయం పడుతుంది, గుర్తుపెట్టుకోవడానికి ఇంకా కష్టం. కొలువులో జీతం తీసుకునే మేటి ఆటగాళ్లు ఉన్నంతకాలం ఆ ఆట నడిచింది. అరుగుల మీదకు, సరాయిల్లోకి అది దిగలేదు. దాని నియమాలు మనకు తెలిసింది ప్రతుల ద్వారానే.

ష్ట్రోబెక్ ఊరి పొడవాటి బల్ల

పెద్ద బల్లలన్నీ వృథా ప్రయాసలు కావని చెప్పే సాక్ష్యం జర్మనీలో ఉంది. పదమూడో శతాబ్దం మొదట్లోనే అక్కడి కవి వర్ణించిన ‘కురియర్’ చదరంగం బల్ల వెడల్పు పన్నెండు గళ్లు, లోతు ఎనిమిది. పాత పావులన్నీ పాత నడకలతోనే ఉన్నాయి. కొత్తగా చేరినవి మూడే రకాలు. రాజులా అన్ని వైపులా ఒక గడి కదిలే సలహాదారు, తిన్నగా ఒక గడి మాత్రమే కదిలే విదూషకుడు, మూలవాటుగా బల్లంతా దూసుకుపోయే వార్తాహరుడు. ఆ వార్తాహరుడి పేరే ఆటకు పెట్టారు.

డచ్చి చిత్రకారుడు లూకాస్ వాన్ లైడెన్ 1508 ప్రాంతంలో గీసిన ‘చదరంగం ఆడేవాళ్లు’ ఇప్పుడు బెర్లిన్ చిత్రశాలలో ఉంది. అందులో ఒక యువతి బల్ల మీదకు చెయ్యి చాచి ఎత్తు వేస్తోంది. పక్కనుంచి ఒకాయన సలహా ఇస్తున్నాడు. చుట్టూ మనుషులు ఒకరి మీద ఒకరు పడి చూస్తున్నారు. మామూలు చదరంగం అనుకుని చూసినవాళ్లకు లెక్క కుదరదు. గళ్లు లెక్కపెడితే అది కురియర్ బల్ల. మనుషులు ఆ ఆటను అంత ఆసక్తిగా ఆడేవారనడానికి ఆ చిత్రం సాక్ష్యం.

హార్జ్ కొండలకు దగ్గర్లోని ష్ట్రోబెక్ అనే పల్లెటూళ్లో ఈ ఆట అందరికంటే ఎక్కువకాలం నిలిచింది. 1651లో బ్రాండెన్‌బుర్గ్ ప్రభువు ఫ్రెడరిక్ విల్హెల్మ్ ఆ ఊరికి ఒక బల్ల బహూకరించాడు. ఒక వైపు మామూలు చదరంగం, రెండో వైపు కురియర్. 1823 నుంచి ఆ ఊరి బడిలో చదరంగం పాఠ్యాంశంగా ఉంది. ఒక ఊరు మొత్తం ఒక ఆటను ఆస్తిలా కాపాడుకోవడం ఎంత గొప్ప విషయం!

కురియర్ చేసిన అసలు మేలు వేరు. మూలవాటుగా బల్లంతా పోయే పావు ఎంత బలమైనదో, దానితో ఆట ఎంత చురుకుగా మారుతుందో యూరప్‌వాళ్లు ఆ పొడవాటి బల్ల మీద దాదాపు మూడు వందల ఏళ్లు చూశారు. పదిహేనో శతాబ్దం చివర్లో చిన్న బల్ల మీద చతికిలబడిన ఏనుగు పాత నడకను తీసేసి సరిగ్గా అదే నడకను దానికి ఇచ్చారు. మన శకటు అలా పుట్టింది. చేర్పులో బాగా పనిచేసిన పావు మూల ఆటలోకి వచ్చేసింది. ఆ తర్వాత కురియర్‌కు ప్రత్యేకత ఏమీ మిగల్లేదు, నెమ్మదిగా మాయమైంది.

వలెన్సియాలో మంత్రికి కాళ్లు వచ్చాయి

ఆ మార్పు జరిగిన చోటును చరిత్రకారులు దాదాపు కచ్చితంగా చూపగలరు. స్పెయిన్ తూర్పు తీరంలోని వలెన్సియా. 1475 ప్రాంతంలో అక్కడ ముగ్గురు కవులు, కాస్తెల్వీ, విన్యోలెస్, ఫెనొయ్యార్, కలిసి 64 పద్యాల కావ్యం రాశారు. ఇద్దరు ఒకరి తర్వాత ఒకరు ఎత్తులు వేస్తుంటే, మూడో ఆయన నియమాల గురించి వ్యాఖ్యానిస్తాడు. ఆ కావ్యంలో ఆడే ఆట కొత్త చదరంగం. అందులో రాజు పక్కనున్న పావు, అక్కడి వారికి రాణి, మనకు మంత్రి, తిన్నగానూ మూలవాటుగానూ ఎంతదూరమైనా వెళ్తుంది. రెండు అడుగులు వేయలేని పావు ఒక్కసారిగా బల్లమీద అన్నిటికంటే శక్తిమంతమైంది. అప్పుడే కాస్తీల్ సింహాసనం మీద రాణి ఇసబెల్లా కూర్చుని ఉంది. ఈ రెండింటికీ సంబంధం ఉందని వాదించే పండితులు ఉన్నారు.

1497లో సాలమాంకాలో లుసేనా అచ్చువేయించిన పుస్తకంలో 150 చదరంగం సమస్యలున్నాయి. కొన్ని పాత పద్ధతివి, కొన్ని కొత్త పద్ధతివి. రెండు చదరంగాలూ ఒకే పుస్తకంలో పక్కపక్కన నిలబడ్డ ఆ కాలం ఎంతో కాలం సాగలేదు. 1512లో రోమ్‌లో వచ్చిన డమియానో పుస్తకం నాటికి కొత్తదే చదరంగం. ఫ్రెంచివారు, ఇటలీవారు దీన్ని పిచ్చెత్తిన రాణి ఆట అని పిలిచినా, పాత ఆటవైపు తిరిగి చూడలేదు.

బల్లమీద ఒక్క గడి పెరగలేదు. ఒక్క పావు చేరలేదు. రెండు నడకలు మారాయి. బంటు మొదటి ఎత్తులో రెండు గళ్లు నడిచే వెసులుబాటు అంతకుముందే వచ్చి ఉంది. ఇప్పుడు తప్పుగా ఆడితే రెండో ఎత్తుకే ఆటకట్టు. చివరి వరుసకు చేరే బంటు ఎంత విలువైనదో ప్రతివారికీ అర్థమైంది. తబియాలు అక్కర్లేకపోయాయి. మొదటి ఎత్తుల గురించే పుస్తకాలు రావడం మొదలైంది. ఒక తరం లోపలే యూరప్ అంతా మారిపోయింది.

మిగిలిన సర్దుబాట్లు నిదానంగా జరిగాయి. రాజు కోట కట్టుకునే పద్ధతి ఊరికో రకంగా ఉండేది. ఇటలీలో రాజు, ఏనుగు తమకు నచ్చిన గళ్లలో నిలబడే స్వేచ్ఛ పంతొమ్మిదో శతాబ్దం దాకా సాగింది. ఇంగ్లండులో ఎదుటి రాజును కదలకుండా బిగించి, షా లేకుండా వదిలేస్తే అలా బిగించినవాడే ఓడినట్టు లెక్క. ఆ నియమం 1800ల తొలి ఏళ్లలో పోయి డ్రాగా స్థిరపడింది.

జపాన్ నేర్పిన పాఠం

జపాన్ చదరంగమైన షోగీలో బల్లలు పెరిగినంతగా మరెక్కడా పెరగలేదు. పన్నెండు వరుసల బల్ల మీద ఒక్కొక్కరికి 46 పావులు. పదిహేను వరుసల బల్ల మీద 65. ఇరవై అయిదు వరుసల బల్ల మీద 177. చివరికి ముప్పై ఆరు వరుసల బల్ల మీద ఒక్కొక్కరికి 402 పావులు. అంటే రెండు వైపులా కలిపి 804. పులులు, డేగలు, తాగిన ఏనుగు, దెయ్యాలు, సేనానులు, ఒక్కొక్కదానికి ఒక్కో నడక. వీటిలో పన్నెండు వరుసల ఆటకు మాత్రమే ఇప్పటికీ కొద్దిమంది అభిమానులు మిగిలారు.

జపానులో కోట్లమందికి తెలిసిన షోగీ బల్ల తొమ్మిది వరుసలదే. ఒక్కొక్కరికి 20 పావులు. పదహారో శతాబ్దంలో గో నారా చక్రవర్తి తాగిన ఏనుగును ఆటలోంచి తీయించాడని చెబుతారు. ఆ కాలంలోనే ఇంకో నియమం స్థిరపడింది. పట్టుకున్న పావు చచ్చిపోదు. పట్టుకున్నవాడి చేతిలో ఉంటుంది. తన వంతు వచ్చినప్పుడు దాన్ని తన సైనికుడిగా ఖాళీ గడిలో దించవచ్చు. షోగీ పావులకు రెండు రంగులు ఉండవు. ముందువైపు కోసుగా ఉండే అయిదు పలకల చెక్కలవి. కోసు ఎటు చూస్తే అటు నడుస్తుంది, కోసు ఎవరి వైపు నుంచి బయలుదేరితే వారిది. అందువల్ల పట్టిన పావును తిప్పి పెట్టడం ఎంతో సులువు. ఈ ఒక్క వాక్యం నియమంతో ఆట చివరిదాకా బల్ల ఖాళీ కాదు, డ్రాలు చాలా తక్కువ. 804 పావులు ఇవ్వలేని వైవిధ్యం ఈ నియమం 40 పావులతో ఇచ్చింది.

మద్రాసు, హైదరాబాదు, సుల్తాన్ ఖాన్

యూరప్ కొత్త నియమాలు మన దేశానికి వచ్చేసరికి ఇక్కడ మన నియమాలు ఉన్నాయి. మంత్రి, శకటు చురుగ్గా నడవడం ఇక్కడా వచ్చింది. కానీ బంటు మొదటి ఎత్తులోనూ ఒక్క గడే. చివరికి చేరితే ఆ వరుస పావుగానే మారాలి. రాజు కోట కట్టుకోడు. దానికి బదులు ఆటలో ఒక్కసారి గుర్రంలా దూకి తప్పించుకోవచ్చు. ఇందులోనూ ప్రాంతానికో తేడా ఉండేది.

పంతొమ్మిదో శతాబ్దం మొదట్లోనే దక్షిణాది ఆటగాళ్లు యూరప్ పద్ధతినీ వంటబట్టించుకున్నారు. 1829లో మద్రాసులో గులాం కాసిం, జేమ్స్ కాక్రేన్ కలిసి ఒక పుస్తకం అచ్చువేశారు. గుర్రాన్ని బలిపెట్టి రాజు మీద దాడి చేసే ‘ముజియో గాంబిట్’ అనే ప్రారంభ పద్ధతిని అందులో లోతుగా విశ్లేషించారు. దానితోపాటు మద్రాసుకు, హైదరాబాదుకు మధ్య ఉత్తరాల ద్వారా జరిగిన రెండు ఆటలు, వాటిపై వ్యాఖ్యలు ఉన్నాయి. రైళ్లు, తంతి లేని రోజుల్లో రెండు నగరాల ఆటగాళ్లు ఒక్కో ఎత్తు కోసం టపా ఎదురుచూస్తూ కూర్చున్నారు. తెలుగు నేల చదరంగ చరిత్ర రాసేవారు ఈ పుస్తకంతోనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

రెండు పద్ధతుల మధ్య వంతెనలా నిలిచినవాడు పంజాబు నుంచి వచ్చిన మీర్ సుల్తాన్ ఖాన్. దేశీ నియమాలతో తండ్రి దగ్గర ఆట నేర్చుకుని, యూరప్ నియమాలు పెద్దయ్యాక పట్టుకున్నాడు. అయినా 1929, 1932, 1933లో బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. 1930–31 హేస్టింగ్స్ పోటీలో మాజీ ప్రపంచ విజేత కాపాబ్లాంకాను ఓడించాడు. ప్రారంభ ఎత్తుల పుస్తకజ్ఞానం లేని మనిషి మధ్య ఆటలో, చివరి ఆటలో మహామహులను నిలువరించాడు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది 2024లో, ఆయన పోయిన ఎన్నో దశాబ్దాల తర్వాత.

మూడుసార్లు పుట్టిన రెండు పావులు

1617లో సిసిలీ పూజారి పియెత్రో కరేరా బల్లకు రెండు నిలువు వరుసలు చేర్చి రెండు కొత్త పావులు పెట్టాడు. ఏనుగు, గుర్రం నడకలు కలిసినది ఒకటి, శకటు, గుర్రం నడకలు కలిసినది ఇంకొకటి. 1874లో ఇంగ్లండు ఆటగాడు హెన్రీ బర్డ్ అవే రెండు పావులను మళ్లీ ప్రతిపాదించాడు. 1920లలో కాపాబ్లాంకా మూడోసారి ప్రతిపాదించాడు. మేటి ఆటగాళ్ల మధ్య ఆటలన్నీ డ్రాలుగా ముగిసి చదరంగం చచ్చిపోతుందని ఆయన భయం. 1927లో అలెఖీన్‌తో ఆయన ఆడిన ప్రపంచ పోటీలో 34 ఆటల్లో 25 డ్రా అయ్యాయి. ఆ పోటీలోనే ఆయన కిరీటం పోయింది. ఇంత పేరున్నవాడు చెప్పినా ఆ పావులు నిలబడలేదు. వాటిలో లోపం ఉందని కాదు. వాటి కోసం ప్రతి ఇంట్లో కొత్త బల్ల కొనాలి, కొత్త పావులు చెక్కించాలి.

అదే భయానికి 1996 జూన్ 19న బ్యూనస్ ఐరెస్‌లో బాబీ ఫిషర్ ఇంకో మందు చెప్పాడు. పావులు అవే, బల్ల అదే, నడకలు అవే. మొదటి వరుస అమరికను మాత్రం చీటీ తీసి నిర్ణయించాలి. రెండు షరతులు: శకట్లు రెండూ వేర్వేరు రంగు గళ్లలో ఉండాలి, రాజు రెండు ఏనుగుల మధ్య ఉండాలి. లెక్క వేసి చూడండి. ఒక శకటుకు నల్లగళ్లు 4, రెండోదానికి తెల్లగళ్లు 4. మిగిలిన ఆరింటిలో మంత్రికి 6. ఆ తర్వాత మిగిలే అయిదింటిలో రెండు గుర్రాలను పెట్టడానికి 10 దారులు. మిగిలిన మూడు గళ్లలో ఏనుగు, రాజు, ఏనుగు తప్ప వేరే దారి లేదు. 4, 4, 6, 10 గుణిస్తే 960. మనం ఇన్నాళ్లూ ఆడుతున్నది వాటిలో ఒక్కటే. కంఠస్థం చేసిన ప్రారంభాలు మిగతా 959లో పనికిరావు. మొదటి ఎత్తు నుంచే బుర్ర పెట్టాలి.

మొదట్లో వింతగా చూసినవాళ్లే తర్వాత దారికి వచ్చారు. 2019లో సమాఖ్య గుర్తింపుతో తొలి ప్రపంచ పోటీ జరిగితే వెస్లీ సో ఫైనల్లో మాగ్నస్ కార్ల్‌సన్‌ను 13.5–2.5 తేడాతో ఓడించాడు. 2025 జూలైలో లాస్ వెగాస్‌లో ఇదే పద్ధతిలో జరిగిన పెద్ద పోటీలో మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి సెమీఫైనల్‌కు చేరాడు. ఇంకో ప్రయోగం 2021లో డార్ట్‌మండ్‌లో. కోట కట్టుకునే వెసులుబాటు తీసేసి విశ్వనాథన్ ఆనంద్, క్రామ్నిక్ నాలుగు ఆటలు ఆడారు. ఆనంద్ 2.5–1.5తో గెలిచాడు. అక్కడ చేర్చిందేమీ లేదు, ఒక నియమం తీసేశారు. ఆట మళ్లీ తాజాగా కనిపించింది.

నిలిచినవి, పోయినవి

వెయ్యేళ్ల ఈ కథను ఒకచోట పెట్టి చూస్తే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. నిలిచిన మార్పులన్నీ ఆటగాడి చేతిలో అప్పటికే ఉన్న పావులకు కొత్త బతుకు ఇచ్చినవి. వలెన్సియా మంత్రి, జపాన్ పావుల పునర్జన్మ, ఫిషర్ అమరికలు, మూడింటికీ కొత్త సామాను అక్కర్లేదు. ఒక్క నిమిషంలో చెప్పేయవచ్చు. చెప్పిన తర్వాత వందేళ్లు ఆడినా తరగవు. పెద్ద బల్లలు సంపద ఉన్న చోట పుట్టి, ఆ కొలువులతో పాటే పోయాయి.

అయినా ఆ పెద్ద బల్లలు కట్టినవారికి మనం రుణపడి ఉన్నాం. కురియర్ లేకపోతే శకటు నడకను అంత నమ్మకంగా ఎవరు తీసుకునేవారు? అల్ఫోన్సో పుస్తకం లేకపోతే ఆ మొసలి, ఆ మహాపక్షి కథ మనకు తెలిసేదా? కొత్త నియమం బాగుందో లేదో తేలాలంటే ముందు ఎవరో ఒకరు ధైర్యంగా ఆడి చూడాలి. ఆడి చూసినది రాసిపెట్టాలి.

ఆ రెండో పని మనం సరిగా చెయ్యలేదు. దేశీ చదరంగం నియమాలు ఊరికో రకంగా నడిచాయని తెలుసు, ఏ ఊళ్లో ఏ రకమో చెప్పే పుస్తకాలు చాలా తక్కువ. రాజు గుర్రపు దూకు, బంటు వరుస పావుగా మారడం చిన్నప్పుడు ఆడిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. మీ ఇంట్లో అలాంటివారు ఉంటే బల్ల వేసి ఒక ఆట ఆడించుకోండి. వారు చెప్పే నియమాలను ఊరి పేరు, వారు నేర్చుకున్న కాలంతో సహా కాగితం మీద పెట్టి ఈ పత్రికకు పంపండి. ష్ట్రోబెక్ తన బల్లను కాపాడుకున్నట్టు మన ఆటను మనం కాపాడుకోవడానికి అదే మొదటి ఎత్తు.

వచ్చే భాగంలో: 1995లో జర్మనీలో దంతవైద్య సామగ్రి తయారుచేసే క్లాస్ టాయ్‌బర్ అనే ఆయన విడుదల చేసిన ‘కాటాన్’ ఆట, దాని వెంట పెట్టెలు పెట్టెలుగా వచ్చిన సముద్రాలు, నగరాలు, వీరులు. కురియర్ రోజుల నాటి ప్రశ్నే మళ్లీ కొత్త బల్ల మీద ఎలా ఎదురైందో చూద్దాం.